తోమితే... చిల్లిగవ్వే!

తాతల నాటి వెండి రూపాయి ఇంట్లో ఉందా? అది ఎంత పాతదన్నది తర్వాతి సంగతి. ముందు దాని ఒళ్లు ఎలా ఉందో చూస్తారు! నాణేలకు మార్కులు వేసే ఆ విద్యను దగ్గరగా చూడాలంటే హైదరాబాద్‌లో ఓ నాలుగు చోట్లు తిరిగితే చాలు.

ఆదివారం ఉదయం అబిడ్స్. మిగతా ఆరు రోజులూ కిటకిటలాడే దుకాణాలకు షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందున్న ఫుట్‌పాత్ మాత్రం పొద్దెక్కేసరికి నిండిపోతుంది. పాత పుస్తకాల గుట్టలు, వాటి మీదికి వంగిన తలలు. ఆ వరసలోనే అక్కడక్కడా ఓ గుడ్డ పరిచి, దాని మీద నాణేలు పోసుకుని కూర్చునేవాళ్లూ ఉంటారు. కిరీటం పెట్టుకున్న జార్జి రాజులు, జడ చుట్టుకున్న విక్టోరియా రాణి, మధ్యలో బెజ్జమున్న పైసలు, చార్మినార్ బొమ్మ వేసిన నిజాం రూపాయలు... కొనేవాళ్లకంటే ‘మా ఇంట్లోనూ ఉన్నాయి, ఎంతొస్తుంది?’ అని అడిగేవాళ్లే ఎక్కువ.

అలా తెచ్చేవాటిలో చాలావరకు తళతళా మెరిసిపోతుంటాయి. చేతిరుమాలు మడత విప్పి గర్వంగా చూపిస్తారు. అవతలి మనిషి నాణేన్ని అంచుల దగ్గర పట్టుకుని, ఎండకు అటూ ఇటూ తిప్పి చూస్తాడు.

‘‘అమ్మా, దీన్ని తోమిన్రా?’’

‘‘నల్లగా మసిబారి ఉంటే చింతపండు పెట్టి తోమాను బాబూ. చూడు, ఎంత బాగా వచ్చిందో!’’

‘‘గట్లెందుకు జేసిన్రమ్మా... ఇంక వెండి ధరకు ఇచ్చుడే.’’

ఈ మాటలు అక్కడ కొత్తేమీ కాదు. ఇత్తడి బిందెకూ రాగి చెంబుకూ పనికొచ్చే చింతపండే వెండి రూపాయికి శత్రువని చాలా ఇళ్లలో తెలియదు. కారణం ఏమిటంటే... అచ్చుల మధ్య పెట్టి బలంగా నొక్కినప్పుడు లోహం ఒక్క క్షణం మైనంలా కదిలి, అచ్చులోని సందుల్లోకి పారుతుంది. ఆ పారిన జాడలు కంటికి కనిపించనంత సన్నటి గీతలుగా నాణెం మీద మిగిలిపోతాయి. వెలుతురు వాటి మీద పడి చెదిరినప్పుడు వచ్చేదే కొత్త నాణెం మెరుపు. దీపం కింద కొద్దిగా వంచి తిప్పితే ఆ మెరుపు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. చింతపండు పులుపు ఆ గీతల్ని కొరికేస్తుంది. పీచు, బూడిద, బ్రష్షు కలిసి కొత్త గీతలు గీస్తాయి. అప్పుడూ నాణెం మెరుస్తుంది... కానీ అది తోమిన గిన్నె మెరుపు! అలవాటున్న కంటికి రెండు సెకన్లలో తెలిసిపోతుంది. పోయిన మెరుపును తిరిగి తెప్పించే మార్గం మాత్రం లేదు.

మరి ఆ నలుపు? వెండికి గాలిలోని గంధకం తగిలి పైన ఏర్పడే పల్చటి పొర అది. కొన్నిసార్లు నీలం, బంగారు, ఊదా రంగుల్లోకీ తిరుగుతుంది. సహజంగా వచ్చిన ఆ రంగుల కోసం ఎక్కువ డబ్బిచ్చి కొనేవాళ్లున్నారంటే నమ్ముతారా! మన ఇళ్లలో మురికి అనుకునేది, వాళ్ల కళ్లకు చీనాంబరం.

గుడ్ అంటే బాలేదని!

పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో ‘గుడ్’ అని ఉంటే ఇంట్లో సంబరపడతాం. నాణేల లోకంలో అదే మాట వింటే మొహం వేలాడేయాలి. ప్రపంచమంతా వాడే ఈ ఇంగ్లిషు కొలమానంలో అన్నిటికంటే అడుగున ఉండేది పూర్. ఏ దేశపు నాణెమో, ఏ రకమో తేల్చుకోవడానికే కష్టపడాలి. దాని పైది ఫెయిర్. రకం తెలుస్తుంది, అక్షరాలు చాలావరకు పోయి ఉంటాయి. ఆ పైది గుడ్. అంటే... బొమ్మ గీత మాత్రం మిగిలింది, లోపల ఏమీ లేదు అని. వెరీ గుడ్ కూడా దాదాపు అదే బాపతు. ఫైన్‌కి వస్తే గానీ అక్షరాలన్నీ చదవడానికి వీలవ్వదు. వెరీ ఫైన్ అంటే ఎత్తుగా ఉన్న చోట్ల మాత్రమే ఓ మోస్తరుగా అరిగింది. ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అంటే కొద్ది చేతులే మారింది, మూలల్లో తొలినాటి మెరుపు ఇంకా ఉంది. అన్నిటికంటే పైన అన్‌సర్క్యులేటెడ్... ఎవరి జేబులోకీ వెళ్లనిది. వీళ్లు ‘యూఎన్‌సీ’ అని పొడి అక్షరాల్లో అంటారు.

ప్రూఫ్ అని ఇంకో మాట వినిపిస్తుంది. అది గ్రేడు కాదు, తయారీ పద్ధతి. అద్దంలా మెరుగుపెట్టిన అచ్చులతో, మెరుగుపెట్టిన బిళ్లల మీద ప్రత్యేకంగా వేసే నాణేలవి. ఖర్చుపెట్టడానికి కాదు, దాచుకోవడానికే చేస్తారు.

ఇంతకీ అరుగుదలను ఎక్కడ చూడాలి? నాణెం మీద ఎత్తుగా ఉన్న భాగమే ముందు అరుగుతుంది. విక్టోరియా రూపాయి అయితే చెవి మీది జుట్టు, రవికె మీది పూల అల్లిక. అయిదో జార్జి రూపాయి అయితే కిరీటంలోని ముత్యాలు, గడ్డం వెంట్రుకలు, భుజం మీది వస్త్రంలో కనిపించే చిన్న ఏనుగు. ఆ ఏనుగు కాళ్లూ తొండం విడివిడిగా కనిపిస్తే నాణెం మంచి స్థితిలో ఉందన్నమాట. ముద్దగా మారిపోతే అది చాలా సంతలు తిరిగొచ్చింది. చూడ్డానికి పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, పక్కనుంచి వెలుతురిచ్చే ఓ టేబుల్ ల్యాంపు చాలు.

డబ్బై మార్కుల పరీక్ష

మాటలతో వేసే ఈ గ్రేడుల్లో తగాదాలు సహజం. అమ్మేవాడికి ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్’లా కనిపించింది కొనేవాడికి ‘వెరీ ఫైన్’గానే కనిపిస్తుంది. అందుకని అంకెలు వచ్చాయి. విలియం షెల్డన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1949లో తమ దేశపు పాత రాగి సెంట్ల మీద ఓ పుస్తకం రాస్తూ 1 నుంచి 70 దాకా ఉండే కొలబద్ద ఒకటి తయారుచేశాడు. వంద కాకుండా డెబ్బై ఎందుకంటే... ఆనవాలు మాత్రం దొరికే 1794 నాటి సెంటు ఒక డాలరు చేస్తే, మచ్చలేనిది డెబ్బై డాలర్లు చేస్తుందని ఆయన లెక్క. తర్వాత ధరలు ఎక్కడికో వెళ్లిపోయాయి, డెబ్బై మాత్రం మిగిలింది. ఇందులో 60 నుంచి 70 దాకా అన్నీ అన్‌సర్క్యులేటెడ్‌వే. సుమారు 40 దగ్గర ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, 20 దగ్గర వెరీ ఫైన్, 12 దగ్గర ఫైన్ మొదలవుతాయి. మన ‘గుడ్’కి వచ్చే మార్కులు... నాలుగు!

ఇంత నిఖార్సయిన కొలబద్ద చేసిన షెల్డన్‌గారి చెయ్యి మాత్రం అంత నిఖార్సయినది కాదు. న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సంగ్రహంలోంచి మేలైన సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో అదే రకం నాసి నాణేలు పెట్టాడని ఆయన పోయాక బయటపడింది. ఏది మేలో ఏది నాసో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు!

1980ల రెండో సగంలో అమెరికాలో పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే సంస్థలు మొదలయ్యాయి. నాణెం పంపితే అసలుదో నకిలీదో తేల్చి, మార్కు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో బిగించి పంపుతాయి. ఇప్పుడు మన వేలాల్లోనూ ఆ పెట్టెలు కనిపిస్తున్నాయి. తోమిన నాణెం పంపితే దానికి అంకె ఇవ్వరు. ‘క్లీన్డ్’ అని రాసి పంపేస్తారు. అది చాలు, దాని ధర పడిపోవడానికి.

సైఫాబాద్‌లో పుట్టిన చుక్క

అబిడ్స్ నుంచి సచివాలయం వైపు వస్తే మింట్ కాంపౌండ్. నిజాం మూడో అసఫ్‌జా సికందర్‌జా 1803లో సుల్తాన్‌షాహీలో పెట్టిన టంకశాల, 1903లో ఈ సైఫాబాద్ భవనాల్లోకి వచ్చింది. 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1997లో చర్లపల్లికి తరలిపోయింది. చాలా ఏళ్లు మూతపడి ఉన్న పాత భవనాన్ని 2022లో మ్యూజియంగా తెరిచారు. నాణేలంటే ఆసక్తి ఉన్న పిల్లలకు ముందు చూపించాల్సింది ఇక్కడి యంత్రాలనే. అవి చూస్తే ‘ఒక్క చేతిలోకీ వెళ్లని నాణేనికి కూడా నూటికి నూరు ఎందుకు రాదు?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికిపోతుంది. అచ్చుపడిన నాణెం ఒకదాని మీద ఒకటి జారి పడాలి. లెక్కపెట్టుకుని సంచుల్లోకి వెళ్లాలి. ఆ సంచులు మోయాలి, దించాలి. పుట్టిన గంటలోనే ఒంటినిండా గాట్లు! బజారుకు వెళ్లకముందే పడిన ఆ గాట్లను లెక్కపెట్టడానికే 60కీ 70కీ మధ్య అన్ని మెట్లు.

ఇక్కడో చిన్న పని. జేబులోంచి ఓ రూపాయి తీసి సంవత్సరం కింద చూడండి. అయిదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టింది. డైమండ్ గుర్తుంటే ముంబయి. చుక్క ఉంటే నోయిడా. ఏమీ లేకపోతే కోల్‌కతా. మొదట్లో హైదరాబాద్‌వాళ్లు చీలిన డైమండ్, మధ్యలో చుక్క పెట్టిన డైమండ్ కూడా వాడారు. చివరికి నక్షత్రమే నిలిచింది. సేకర్తలకు ఈ గుర్తే ప్రాణం. ఒకే సంవత్సరం, ఒకే బొమ్మ ఉన్న నాణెం నాలుగు టంకశాలల్లో ఒకచోట చాలా తక్కువగా అచ్చయి ఉండొచ్చు. మిగతా మూడూ చిల్లరే, ఆ ఒక్కటీ అపురూపం.

గుమ్మంలో అక్షరం

చార్మినార్ చుట్టుపక్కల పాత వస్తువుల అంగళ్లలో ఎక్కువగా కనిపించేది నిజాం రూపాయే. హాలీ సిక్కా అనేవారు. ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు బ్రిటిష్ రూపాయలు వచ్చేవి. పదకొండు గ్రాములకు కొంచెం పైన బరువు, నూటికి ఎనభై రెండు పాళ్ల దాకా వెండి. ఒకవైపు చార్మినార్. దాని మధ్య గుమ్మంలో ఓ ఉర్దూ అక్షరం ఉంటుంది. ‘మీమ్’ అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. ‘ఐన్’ అయితే ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్. ‘92’ అన్న అంకె కూడా కనిపిస్తుంది. అది సంవత్సరం కాదు. మహమ్మద్ అన్న పేరులోని అక్షరాల విలువల్ని కూడితే వచ్చే మొత్తం.

ఉస్మాన్ అలీఖాన్ 1911లో గద్దెనెక్కినప్పుడు వేసిన తొలి నాణేల మీద ఆ ‘ఐన్’ అరకొరగా, గుమ్మం పైభాగంలో ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఆ తర్వాతి వాటిలో పూర్తి అక్షరం నిలిపారు. సేకర్తలు ఒకదాన్ని చిన్న ఐన్ అనీ, రెండోదాన్ని పూర్తి ఐన్ అనీ పిలుస్తారు. మొదటిది వేసింది కొద్దికాలమే కాబట్టి దానికోసం వెతుకులాట ఎక్కువ. బొమ్మ అదే, వెండి అదే, నిజామూ ఆయనే. చిటికెన వేలి గోరులో పదో వంతు లేని గీత దగ్గర ధర మారిపోతుంది! అక్షరం అరిగిపోయిన నాణెం ఏ రకమో తేలదు. అందుకే గ్రేడూ అరుదుతనమూ వేర్వేరు లెక్కలైనా, చివరికి రెండూ ఒకే భూతద్దం కిందికొస్తాయి.

పాతదైతే అరుదేనా?

కాదు. ఈ ఒక్క ముక్క తెలియకే చాలామంది మోసపోతున్నారు. ‘1840’ అని ఉన్న విక్టోరియా రూపాయి చూడగానే గుండె ఝల్లుమంటుంది. ఈస్టిండియా కంపెనీ ఆ సంవత్సరాన్ని మార్చకుండా ఇరవై ఏళ్లకు పైగా అవే అచ్చుల మీద వేసుకుంటూ పోయింది. దాని తర్వాతిది ‘1862’. అదీ 1874 దాకా అదే సంవత్సరంతో వచ్చింది. అందుకే వీటికి కొదవ లేదు. అయితే 1862 నాణేల్లో సంవత్సరం కిందా, పువ్వుల దగ్గరా చిన్న చిన్న చుక్కలు పెట్టారు. ఆ చుక్కల లెక్కను బట్టి అవి నిజంగా ఎప్పటివో చెబుతారు. ఆ చుక్కల్లో కొన్ని రకాలు దొరకడం కష్టం.

వందేళ్లు కూడా నిండని 1939 రూపాయి మాత్రం వజ్రంలాంటిది. నూటికి 91.7 పాళ్ల వెండితో వేసిన ఆఖరి రూపాయి అది. యుద్ధం ముంచుకొచ్చింది, మరుసటి ఏడు నుంచి వెండిని సగానికి దించారు. 1939 నాణేలు జనం చేతుల్లోకి వెళ్లినవి బహు తక్కువ. దాంతో 1938 రూపాయిలోని చివరి అంకెను చెక్కి 9గా మార్చే ‘కళాకారులు’ బయల్దేరారు. కొనేవాళ్లు ముందు ఆ అంకె మెలికనే చూస్తారు.

1911 రూపాయిది ఇంకో కథ. అయిదో జార్జి పట్టాభిషేకపు ఉత్సాహంలో కొత్త రూపాయి వేశారు. రాజుగారి వస్త్రం మీద ఏనుగు చెక్కారు. దాని తొండం పొట్టిగా రావడంతో జనానికి అది పందిలా కనిపించింది! ముస్లింలలో నిరసన రేగింది. ప్రభుత్వం గాబరాపడి మిగిలిన నాణేల్ని ఆపేసి కరిగించింది. 1912లో తొండం సరిచేసి కొత్త అచ్చు తెచ్చింది. ‘పంది రూపాయి’ అన్న పేరుతో 1911ది ఇప్పటికీ సేకర్తల వెతుకులాటలో ఉంటుంది. ఎన్ని అచ్చువేశారన్నది కాదు, ఎన్ని మిగిలాయన్నదే అరుదుతనం.

దానికీ ఓ లెక్క ఉంది. అదీ షెల్డన్ పుణ్యమే. ఆర్-1 అంటే కావలసినన్ని. ఆర్-5 అంటే 31 నుంచి 75 దాకా తెలిసినవి. ఆర్-6కి 13 నుంచి 30. ఆర్-7కి 4 నుంచి 12. ఆర్-8 అంటే మూడు మించవు. మన వేలం కేటలాగుల్లో ఇంత లెక్కలుండవు. ఆర్, ఆర్ఆర్, ఆర్ఆర్ఆర్ అని అక్షరాలు పెంచుకుంటూ పోతారు. అమ్మేవాడి ఉత్సాహం కూడా ఆ అక్షరాల్లో కొంత కలుస్తుందని కొనేవాళ్లకు తెలుసు. ఒక్కటే ఉందన్నదానికి ఉదాహరణ కావాలంటే నిజాం కుటుంబం దగ్గరే ఉండేది. జహంగీర్ 1613లో వేయించిన వెయ్యి తులాల బంగారు మొహరు. దాదాపు పన్నెండు కిలోలు! 1987లో జెనీవాలో వేలానికి వచ్చింది. ఆ తర్వాత దాని జాడ లేదు.

తులం అన్న మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. బ్రిటిష్ వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే సరిగ్గా తులం. కంసాలి త్రాసులో ఒకప్పుడు ఆ రూపాయే రాయి. నకిలీని పట్టుకోవడానికి ఇప్పటికీ మొదటి పరీక్ష బరువే. అరిగిన నాణెం కొంచెం తగ్గొచ్చు గానీ, గ్రాముకు గ్రాము తేడా వచ్చిందంటే అనుమానించాల్సిందే.

రాములవారి కాసు, బియ్యం లాగే బిళ్ల

అరుదుతనం మీద ఆశే పెట్టుబడిగా బతికేవాళ్లున్నారు. ఒకవైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు, రెండోవైపు ‘ఈస్టిండియా కంపెనీ 1818’ అని ఉన్న రాగి బిళ్లలు మన ఊళ్లలో ఎన్ని దేవుడి గదుల్లో ఉన్నాయో! కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ వేయలేదు. తర్వాత రోజుల్లో ఎవరెవరో చేసి అమ్మినవి. పూజలో పెట్టుకుంటే తప్పులేదు. దాన్ని చూపించి లక్షలు అడిగితేనే తప్పు.

‘రైస్ పుల్లింగ్’ గొడవ తెలుగు రాష్ట్రాల్లో పోలీసులకు కొత్తకాదు. పాత నాణేనికో చెంబుకో మహిమ ఉందనీ, బియ్యం గింజల్ని లాగుతుందనీ, కోట్లిచ్చి కొనే కంపెనీలున్నాయనీ నమ్మించి, పరీక్ష ఖర్చుల పేరుతో డబ్బు గుంజుతారు. నాణెం అయస్కాంతానికి అంటుకోవడాన్ని కూడా మహిమగా చూపిస్తారు. 1947 రూపాయి నికెల్‌తో చేసింది. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. అంతకుమించి అందులో ఏమీ లేదు.

ఇంకోరకం ఫోన్లలో వస్తోంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలట, ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాకు ఇంకా ఎక్కువట! ముందుగా కమీషనూ పన్నూ కట్టమంటారు. కట్టాక ఫోన్ ఎత్తరు. తమ పేరూ చిహ్నమూ వాడుకుని ఇలా డబ్బు అడుగుతున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరిక ఇచ్చింది. పాత నాణేలు కొనడం, అమ్మడంలో తమకు సంబంధం లేదని చెప్పింది. ఆ పావలా గుట్టలుగుట్టలుగా అచ్చయింది. 2011 జూన్ నెలాఖరుతో చెలామణీ నుంచి పోయింది. అయినా ఆశ పోదు. పెన్షన్ డబ్బులు పోగొట్టుకున్నాక సిగ్గుతో ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు ఎందరో.

గ్రేడు లేని నాణేలు

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల ముందు నిలబడితే ఇంతదాకా చెప్పుకున్న లెక్కలన్నీ తలకిందులవుతాయి. గోదావరి ఒడ్డున ఇప్పటి జగిత్యాల జిల్లాలో ఉన్న కోటిలింగాల, పెద్దపల్లి జిల్లాలోని పెద్దబంకూరు తవ్వకాల్లో, పరిసరాల్లో దొరికిన నాణేలు తెలుగువాళ్ల చరిత్రను కొన్ని శతాబ్దాలు వెనక్కి జరిపాయి. కోటిలింగాల నాణేల మీద గోబద, నారన, కంవాయ, సమగోప అన్న పేర్లు చదివారు. శాతవాహనులకంటే ముందే ఇక్కడ రాజులున్నారని వాటితోనే తెలిసింది. శాతవాహన వంశానికి మొదటివాడైన శ్రీముఖుడి నాణేలూ అక్కడ దొరికాయి. చూడ్డానికి మాత్రం అరిగిన, వంకర బిళ్లలు. బజారు లెక్కలో కొన్నిటికి ‘ఫెయిర్’ కూడా రాదు!

చేత్తో కొట్టిన నాణేలకు గ్రేడు వేసే తీరే వేరు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో బిళ్ల, పైనుంచి సుత్తి దెబ్బ. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. సగం అక్షరాలు బయటికి పోతాయి. నిజాంల తొలి రూపాయల మీద టంకశాల పేరు ‘ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్’ అని ఉంటుంది. ఆ మాటలన్నీ బిళ్ల మీద పడిన నాణెం దొరకడం అదృష్టమే. కాబట్టి ఇక్కడ అరుగుదలతోపాటు ఊరి పేరు పడిందా, సంవత్సరం పడిందా, దెబ్బ నడిమికి తగిలిందా అని చూస్తారు. వెండి మంచిదో కాదో తేల్చుకోవడానికి షరాబులు కొట్టిన చిన్న గాట్లు కూడా ఉంటాయి. గాట్లున్న రూపాయికి ధర తగ్గుతుంది. అది ఎన్ని అంగళ్లు తిరిగిందో చెప్పేది కూడా ఆ గాట్లే మరి.

పొలం దున్నుతుంటే కుండ బయటపడిందనుకోండి. చాలాసార్లు రాత్రికి రాత్రే వాటాలు పడతాయి, కరగడానికో చేతులు మారడానికో వెళ్లిపోతాయి. విడిగా వచ్చిన నాణేలకు గ్రేడు వేయొచ్చు, ధర కట్టొచ్చు. ఏ పొలంలో, ఏ కుండలో, వేటితో కలిసి దొరికాయన్నది మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు. చరిత్రకారుడికి కావలసింది అదే. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిక్షేపం ఏది దొరికినా కలెక్టరుకు చెప్పాలి. 1972 చట్టం వందేళ్లు దాటిన నాణేన్ని పురావస్తువుగా చూస్తుంది. దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న అబ్బాయికి తాతగారి అష్రఫీ పార్సిల్ చేసే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

డబ్బా తెరిచే ముందు

ఇంట్లో ఉన్నవాటిని ఏం చేయాలి? ఏమీ చేయకపోవడమే మంచిది! మట్టి అంటి ఉంటే మంచినీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దితే చాలు. చింతపండు, నిమ్మకాయ, టూత్‌పేస్టు, విభూతి దగ్గరికి రానివ్వొద్దు. వేళ్ల జిడ్డు కొన్నాళ్లకు ముద్రలా మిగిలిపోతుంది కాబట్టి అంచులు పట్టుకునే చూడాలి. కింద మెత్తటి గుడ్డ పరచుకుంటే చెయ్యిజారినా భయం లేదు. ఆల్బమ్ కొంటే వాసన వచ్చే మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ వద్దు. కొన్నేళ్లకు అది పచ్చటి జిగురు వదులుతుంది, రాగిని తినేస్తుంది. మన కోస్తా ఊళ్ల ఉక్కపోతలో సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పడేస్తే మేలు.

గొలుసుకు వేసుకోవడానికి కొక్కెం అతికించిన రూపాయలు, కాసులు చాలా ఇళ్లలో ఉంటాయి. కొక్కెం తీయించి అమ్ముదామనుకుంటారు. టంకం మచ్చ పోదు, గ్రేడు రాదు. చార్మినార్ దగ్గరి వ్యాపారులు అలాంటివి చూసి ‘‘దీన్ని మెడలోనే ఉండనియ్యమ్మా, అక్కడే దీనికి విలువ’’ అని చేతిలో పెట్టేస్తారు. గోదావరి వంతెన మీద రైల్లోంచి విసిరిన నాణేలదీ అదే దారి. ఒడ్డున ఏరినవాళ్ల దగ్గర దొరికినా, ఏళ్ల తరబడి నీళ్లలో నానినవి గుంటలు పడి ఉంటాయి.

ఇంకొక్క పని ఉంది. ఆ నాణెం ఎవరిదో, ఏ సందర్భంలో ఇంటికి వచ్చిందో తెలిసిన పెద్దవాళ్లుంటే ఇప్పుడే అడిగి ఓ చీటీ మీద రాసుకోండి. ‘అమ్మమ్మ పెళ్లికి వాళ్ల మేనమామ చదివించింది’ అన్న పాటి వివరం చాలు. సేకర్తలు దానికీ విలువిస్తారు. నాణెం కవరులో ఉండగా మాత్రం దాని మీద పెన్నుతో నొక్కి రాయొద్దు. ముందు రాసి, సిరా ఆరాకే నాణేన్ని లోపల పెట్టాలి.